ఆమెన్ లోపు

సంతపూర్ నుంచి వచ్చిన బస్సు ఉదయం పదీ ఇరవైకి ఔరాద్ స్టాండులో ఆగింది. అందరూ దిగారు. కిటికీ పక్క సీట్లో కూర్చున్న మనిషి మాత్రం దిగలేదు. "ఇళీరి, ఔరాద్ బంతు!" అని దిగమంటూ కండక్టర్ కన్నడంలో ఓ కేక వేసి, భుజం పట్టుకుని కుదిపాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. చెవి కింద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది.

చనిపోయినవాడి పేరు యాదగిరి. ఊళ్లో అందరి లెక్కలో ఎరువుల ఏజెంటు. అసలు పని, పన్నెండేళ్లుగా "ఆఫీసు"కు కళ్లూ చెవులూ కావడం. ఆ ఆఫీసుకు బోర్డు ఉండదు, సెలవులు ఉండవు, చచ్చినవాడికి పూలదండ కూడా ఉండదు. ప్రాణం పోయే ముందు యాదగిరి ఫోన్ నుంచి ఒకే ఒక మెసేజ్ వెళ్లింది.

"పెట్టె చేతులు మారేది ఆమెన్ లోపు."

మరునాడు, బుధవారం, బీదర్‌లో గురుద్వారా దగ్గర ఒక లాడ్జి గదిలో ఆ మెసేజ్‌ను చీఫ్ జయానందం నాలుగోసారి చదివాడు. ఎదురుగా మంచం అంచున స్టాన్లీ కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. సికింద్రాబాద్‌లో నీళ్ల ఫిల్టర్లు అమ్ముతాడని అతని తల్లి నమ్మకం. పదిహేనేళ్లలో ఒక్క ఫిల్టరు కూడా అమ్మలేదు.

"ఎవరీ ఆమెన్?" అన్నాడు జయానందం. "కోడ్ నేమా? డేటాబేస్ అంతా గాలించాం. ఒక్కడూ దొరకలేదు."

"ఆమెన్ అంటే మనిషి కాదు సర్. టైము." అన్నాడు స్టాన్లీ. "నిన్న రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. శుక్రవారం పదకొండింటికి మా ఇంట్లో ప్రార్థన కూడిక. మా చెల్లెలు చేసిన మిషన్‌కు ప్రార్థన చేయిస్తోందట."

జయానందం చేతిలోని టీ కప్పు కింద పెట్టాడు.

చెల్లెలి పేరు షెకినా. ఫోటానిక్స్ ఇంజనీరు. ఆమె పనిచేస్తున్న రహస్య ప్రాజెక్టు పేరు "చీమ". సంగతి చెప్పుకోవడానికి తేలికే. వెంట్రుకంత గాజు తీగను భూమిలో పాతుతారు. అందులోకి లేజర్ వెలుగు పంపుతారు. పైన అడుగు పడితే తీగ వణుకుతుంది. తీగలోంచి వెనక్కి తిరిగొచ్చే వెలుగు ఆ వణుక్కి పిసరంత మారుతుంది. ఆ మార్పును చదివితే నడిచింది ఆవో మనిషో, ఎన్ని కాళ్లో, ఎంత బరువో తెలిసిపోతుంది. చదివే పరికరం ఇన్నాళ్లూ సూట్‌కేసంత ఉండేది. షెకినా దాన్ని గోరంత చిప్‌లోకి దించింది. ఇక సరిహద్దు పొడవునా ఎక్కడైనా పాతిపెట్టొచ్చు. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది.

"మిలటరీ సీక్రెట్‌ను ఇంటికి తీసుకెళ్లి ప్రార్థన చేయిస్తుందా?" జయానందానికి నమ్మకం కలగలేదు.

"మా సంఘంలో అంతే సర్. కొత్త బండి కొంటే ప్రార్థన. కొత్త ట్రాక్టరుకు ప్రార్థన. పరీక్ష హాల్ టికెట్ మీద కూడా చేయి పెట్టి ప్రార్థిస్తారు. నాలుగేళ్లు కష్టపడి చేసినదానికి దేవుడికి కృతజ్ఞత చెప్పకపోతే మా అమ్మకు నిద్ర పట్టదు. చెల్లెలు కాదనలేదు."

"ఆ చిప్ బయటి ముఠా చేతికి చిక్కిందనుకో. విప్పి చూస్తారు. ఎలాంటి అడుగు దానికి వినబడదో కనిపెడతారు. మరుసటి నెల నుంచి అలాగే నడిచి వస్తారు. ఇక నీ చెల్లెలు. అనుమతి లేకుండా ల్యాబ్ దాటించింది. పోయిందంటే ముందు జైలుకెళ్లేది ఆమే. పద్నాలుగేళ్లు."

"అయితే ఆపేద్దాం సర్. ఇప్పుడే ఫోన్ చేసి..."

"ఆపకూడదు. ముఠా నాయకుడు ఎవరో మూడేళ్లుగా వెతుకుతున్నాం. పెట్టె వెంట వెళితేనే దొరుకుతాడు. ముఠా లోపల మన మనిషి ఉంది. డబుల్ ఏజెంట్. దీనా. సువార్త పాటల గాయనిగా శుక్రవారం మీ జనవాడకు వెళ్తున్నానని చెప్పింది; అది మీ ఇంటికేనని ఇప్పుడు అర్థమైంది. పెట్టె ముట్టుకున్నవాణ్ణి ఆమె గుర్తుపడుతుంది. గుర్తుపట్టగానే చెవి కమ్మ సవరించుకుంటుంది. నువ్వు చూస్తావు. చూడటం తప్ప ఏమీ చేయవు."

"షెకినాకు చెప్పొద్దా?"

"చెబితే ఆమె మొహమే చెప్పేస్తుంది. నీ చెల్లెలు కాబట్టే నిన్ను పంపుతున్నాను స్టాన్లీ. నీ చెల్లెలు కాబట్టే నువ్వు వేలు కదపకూడదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. స్టాన్లీకి ఆ గట్టు మీద నిలబడే చోటు కూడా కనిపించలేదు.

జయానందం బ్రీఫ్‌కేసు తెరిచాడు. ముందు నల్ల బూట్లు తీశాడు. కుడి బూటు మడమలో రేడియో ఉంది. మడమను నేలకు రెండుసార్లు నొక్కితే జనవాడ క్రాసు దగ్గర కాపు కాసే ఆఫీసు మనిషి నాగేశ్ జీపు స్టార్టవుతుంది.

"సర్, ప్రార్థనలో బూట్లు బయటే విప్పాలి."

"అయితే విప్పకు," అన్నాడు జయానందం, అదేమంత పెద్ద పని అన్నట్టు. తర్వాత మామూలుగా కనిపించే కళ్లద్దాలు తీశాడు. "యాదగిరి మెసేజ్ రాగానే, చిప్ ఉన్న పెట్టెకు ల్యాబ్‌లో మనవాడు నిన్నే ఒక పూత పూశాడు. కంటికి కనబడదు. ముట్టుకున్న చేతికి అంటుకుని, పావుగంట తర్వాత వెలగడం మొదలవుతుంది. తొమ్మిది రోజులు కడిగినా పోదు. దాని వెలుగు ఇన్‌ఫ్రారెడ్. ఈ అద్దాల్లోంచి చూస్తే దొంగ చేయి మిణుగురులా మెరుస్తుంది. ఈ పూత సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, నీకు, దీనాకు."

శుక్రవారం పదిన్నరకు స్టాన్లీ జనవాడలో తన ఇంటి గడప ముందు నిలబడ్డాడు. గడపకు ఇవతల అప్పటికే ముప్పై జతల చెప్పులున్నాయి.

"బూట్లు ఇప్పు," అంది తల్లి రిబ్కా.

"అమ్మా, కాలుకు దెబ్బ తాకింది. ఉండనీ."

"దెబ్బ తాకితే నూనె రాస్త. బూట్లతోని ప్రార్థనల కూసుంటవా? మీ నాయన ఉంటే ఏమంటుండె?"

దేశ భద్రతా, పద్నాలుగేళ్ల జైలూ, పన్నెండేళ్లు నమ్మకంగా పనిచేసి చచ్చిపోయిన యాదగిరీ ఒకవైపు. నడుం మీద చేయి పెట్టుకున్న తల్లి ఒకవైపు. స్టాన్లీ బూట్లు విప్పాడు.

లోపల అడుగు పెట్టగానే సంఘ పెద్ద అబ్బయ్య వెదురు బుట్ట ముందుకు చాపాడు. "ఫోన్ బంద్ చేసి ఇండ్ల ఎయ్యి బిడ్డా. పోయినసారి ప్రార్థన నడుమ ఎవలిదో సినిమా పాట మోగింది."

అబ్బయ్య టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. స్టాన్లీ తండ్రి సాల్మన్, ఆయన ఇద్దరూ ఒకే నిచ్చెన మీద ముప్పై ఏళ్లు పనిచేశారు. అబ్బయ్య ప్రార్థన మొదలుపెడితే నలభై నిమిషాలని బీదర్ తాలూకా అంతటికీ తెలుసు. ఫోన్ బుట్టలో పడింది. ఇక స్టాన్లీకి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయినట్టే.

హాల్లో షాబాదు బండల మీద జంపఖానాలు పరిచారు. మధ్యలో స్టూలు, దాని మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద బైబిలు, బైబిలు మీద అగ్గిపెట్టెంత నల్ల పెట్టె. పక్కన నిలబడి షెకినా అబ్బయ్యకు వివరిస్తోంది. పెళ్లికూతురికి ఉండాల్సిన సంబరం ఆమె మొహంలో ఉంది.

"పాత మిషన్ ఎనక అర్రల నడుస్తనే ఉంది మామా. సూట్‌కేసంత ఉంటది. పరీక్షకు ఏసిన తీగ ఆడికెల్లి మొదలై, ఈ బండల కిందికెల్లే వాకిట్లకు పోతది. ఆడికెల్లి రోడ్డు పొంటి మన్నళ్ళి ఊరి దాక. మనం ఈడ నడిచినా దానికి తెలుస్తది."

"మేమేమో తీగెల మాటలు పంపినం. నువ్వు అడుగులు ఇంటున్నవ్," అన్నాడు అబ్బయ్య మురిసిపోతూ. "మీ నాయన సూస్తే ఎగిరి గంతేస్తుండె."

షెకినా అన్నను చూసి పరుగెత్తుకొచ్చింది. "వచ్చినవా అన్నా! నువ్వు రావనుకున్న. ఎన్నడు రావు గదా." ఆ మాటలో దెప్పు లేదు. దెప్పి ఉంటేనే స్టాన్లీకి బాగుండేది.

అప్పుడు వచ్చింది దీనా. ఆకుపచ్చ పట్టుచీర, చెవులకు పొడవాటి వెండి కమ్మలు, చేతిలో సొంత కార్డ్‌లెస్ మైకు. గది మొత్తం అటు తిరిగింది. ముసలివాళ్లు కూడా సర్దుకుని కూర్చున్నారు. ఆమె స్టాన్లీ పక్కగా వెళుతూ మెల్లగా అంది. "ఈసారి జొన్న బాగా పండిందా, బ్రదర్?"

"ఎలుకలు తినంగ మిగిలింది," అన్నాడు స్టాన్లీ. కోడ్ కుదిరింది. మన మనిషే. అతనికి గుండెలో కాస్త బరువు దిగింది. గదిలో ఇంకొకరున్నారు, తన పక్షాన.

దీనా రెండు పాటలు పాడింది. తేనె పోసినట్టుంది ఆ గొంతు. తర్వాత అబ్బయ్య లేచాడు. ప్రార్థన వస్తువు మీద చేతులుంచండని పిలిచాడు. పెద్దలు, ఆడవాళ్లు వరసగా వచ్చి ఒక్కొక్కరూ పెట్టె మీద అరచేయి పెట్టి వెళ్లారు. స్టాన్లీ గోడకు ఆనుకుని, కళ్లద్దాల్లోంచి చూపు తిప్పకుండా ఉన్నాడు. ఒక్క పని. కళ్లు తెరిచి ఉంచడం. అంతే.

"స్టాన్లీ, ఇటు రా బిడ్డా," అన్నాడు అబ్బయ్య.

స్టాన్లీ కదల్లేదు.

"రా. శాన దినాలకొచ్చినవ్. నీకు కూడ ప్రార్థన చేస్తం. మోకాళ్ల మీద కూసో. కండ్లద్దాలు ఇటియ్యి." అని అబ్బయ్యే వాటిని తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. మూడు సాధనాల్లో మూడోది కూడా పోయింది. బూట్లు గడప బయట, ఫోన్ బుట్టలో, అద్దాలు అబ్బయ్య జేబులో.

అతని తల మీద ఏడెనిమిది చేతులు పడ్డాయి. భుజాల మీద ఇంకో నాలుగు. తల్లి అరచేయి నుదుటి మీదుగా కళ్ల మీదికి జారింది. చిన్నప్పుడు కూడా అంతే, ప్రార్థనలో కళ్లు తెరిస్తే అదే చేయి వచ్చి మూసేది. "నువ్వు కండ్లు తెరిస్తే ఆయన మూసుకుంటడు" అనేది. చేతుల సందులోంచి చూద్దామని స్టాన్లీ తల తిప్పబోయాడు. ఆ చేతులు ఇంకాస్త గట్టిగా నొక్కాయి.

"ప్రేమగల తండ్రీ," మొదలుపెట్టాడు అబ్బయ్య. "ఈ పిల్లగాని నాయన సాల్మన్ పోయిన దినం ఈడు రాలేకపాయె. ఎందుకు రాలేదో మాకు తెల్వదు, నీకు తెలుసు. మన్ను ఎయ్యలేదని ఈని కడుపుల ఉన్న బరువు నీకు తెలుసు. ఆ బరువు దించు దేవా..."

ఆ రోజు స్టాన్లీ వేరే దేశంలో ఒక హోటల్ గదిలో, గోడ అవతలి మాటలు వింటూ పదకొండు గంటలు కూర్చున్నాడు. తండ్రి పోయాడన్న మెసేజ్ చదివి, చెరిపేసి, మళ్లీ చెవి గోడకు ఆనించాడు. అది ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునే వీల్లేదు. ఇప్పుడు ఎవరో తన లోపలి గదిలోకి వచ్చి దీపం పెట్టినట్టయింది. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. నీళ్లు కారాయి. ఎన్నో ఏళ్లకు మొదటిసారి అతను నిజంగా ప్రార్థించాడు.

అప్పుడే వినబడింది, జానెడు దూరంలో. క్లిక్. పెట్టె మూత చప్పుడు.

లేవబోయాడు. పన్నెండు చేతులు అతన్ని దేవుడి సన్నిధిలో నొక్కి ఉంచాయి. ఆపు అని అరవొచ్చు. అరిస్తే ముఠా జారిపోతుంది, చెల్లెలు అందరి ముందూ దొరికిపోతుంది. అరవకపోతే చిప్ పోతుంది, చెల్లెలు సోమవారం ల్యాబ్‌లో దొరికిపోతుంది. ఆయుధం లేకుండా శత్రువు చేతికి చిక్కిన రోజులున్నాయి అతని సర్వీసులో. అప్పుడు కూడా ఇంత నిస్సహాయంగా లేడు. ఆ శత్రువులెవరూ అతని కోసం ప్రార్థన చేయలేదు.

ఇంకో ఇరవై ఐదు నిమిషాలకు వచ్చింది ఆమెన్.

అందరూ లేచి ఒకరికొకరు చేతులు కలుపుతూ "వందనాలు, వందనాలు" అనుకుంటున్నారు. షెకినా పెట్టె తెరిచి చూసుకుంది. లోపల చిప్ ఉంది. తృప్తిగా మూసేసింది. అది నకిలీదని వెలుగు పంపి చూస్తే గానీ తెలియదు.

స్టాన్లీ దీనా వైపు చూశాడు. ఆమె చెవి కమ్మ సవరించుకుంది. కళ్లు అబ్బయ్య మీద ఉన్నాయి.

అబ్బయ్య మామా? నిచ్చెన కింద నిలబడి తండ్రి కాళ్లు పట్టుకున్న మనిషి? స్టాన్లీ ఆయన జేబులోంచి అద్దాలు తీసుకుని పెట్టుకున్నాడు. అబ్బయ్య కుడి చేయి అరచేతి నుంచి మణికట్టు దాకా తెల్లగా మెరుస్తోంది.

పక్కన తల్లి చేయి కూడా మెరుస్తోంది.

ఆవిడ పక్కన ఇంకొకావిడ చేయీ మెరుస్తోంది. వంటింట్లో పలావు గరిటె పట్టుకున్నావిడ చేయీ, గరిటె కూడా. దీవించడానికి చేతులుంచిన ప్రతివాళ్లూ, వాళ్లతో వందనాలు చెప్పుకున్న ప్రతివాళ్లూ మెరుస్తున్నారు. హాలంతా పెళ్లి పందిరిలా ఉంది. లక్షలు పోసి తయారుచేసిన పూత ఒక్క గంటలో జనవాడ సంఘం మొత్తాన్ని దొంగల్ని చేసి కూర్చుంది. స్టాన్లీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెలుగుల మధ్య గుడ్డివాడిలా నిలబడ్డాడు.

అప్పుడు దీనా రెండు చేతులూ జోడించి, దూరం నుంచే అందరికీ వందనాలు చెప్పింది.

ఆ చేతులు మెరవడం లేదు.

ఆమె పెట్టె మీద చేయి ఉంచలేదు. ఎవరి చేతిలోనూ చేయి పెట్టలేదు. పెట్టె ముట్టుకుంటే అంటుకుంటుందని తెలిసినవాళ్లు గదిలో ఇద్దరే. అందులో ఒకరు తను. స్టాన్లీ చూపు కిందికి దిగింది. పట్టు కొంగు చివర రెండు వేళ్ల మేర తెల్లటి మరక మెరుస్తోంది. కొంగుతో మూత తెరిచింది. యాదగిరికి ఇదే తెలిసి ఉంటుంది. కంచే చేను మేస్తోంది.

"వెళ్లొస్తానండీ," అంటోంది దీనా. "ఫ్లైట్ టైమవుతోంది. కారు వచ్చేసింది."

వాకిట్లో కారు ఇంజను మోగుతోంది. బుట్టలోని ఫోన్ తీసి ఆన్ చేసి జయానందానికి చెప్పేలోగా ఆమె హైదరాబాద్ రోడ్డెక్కుతుంది. చెప్పినా ఆయన నమ్మడు. మూడేళ్లుగా ఆయన నమ్మిన ఏజెంటు. అడ్డం పడి పట్టుకుంటే నాయకుడు దొరకడు, చెల్లెలి తప్పు ఊరంతా తెలుస్తుంది. గడప దాకా పది అడుగులు. తొమ్మిది. ఎనిమిది.

ఏ శిక్షణలోనూ నేర్పని ఆయుధం అతనికి గుర్తొచ్చింది.

"అమ్మా," అన్నాడు స్టాన్లీ గట్టిగా. "సిస్టర్ తినకుంట పోతాందంట."

రిబ్కా వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. వెనక ఇంకో ఆరుగురు. "తినకుంట ఎట్ల పోతవమ్మా? పొద్దటి సంది పొయ్యి కాడ ఉన్నం. మా ఇంట్ల నీళ్లు కూడ ముట్టకుంట పోతే మాకేం మర్యాద?"

"నిజంగా టైం లేదండీ, ఇంకోసారి..."

"పోనీ మామా," అన్నాడు స్టాన్లీ అబ్బయ్యతో, కొడుకులాంటి వినయంతో. "దూరం పోయేది. కనీసం ప్రయాణ ప్రార్థనన్న చేసి పంపియ్యి."

సువార్త గాయని ప్రార్థన వద్దని ఎలా అంటుంది? దీనా స్టాన్లీ వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో తేనె లేదు.

"మోకాళ్ల మీద కూసో తల్లీ," అన్నాడు అబ్బయ్య. "మైకు ఇటియ్యి." తీసుకుని స్టూలు మీద, పెట్టె పక్కన పెట్టాడు.

ఆమె తల మీద చేతులు పడ్డాయి. రిబ్కా అరచేయి నుదుటి మీదుగా కళ్ల మీదికి జారింది. ముప్పై మంది కళ్లు మూసుకున్నారు. స్టాన్లీ మూసుకోలేదు.

గోడ నుంచి స్టూలుకు నాలుగు అడుగులు. చప్పుడు కాకుండా వేశాడు. వచ్చినప్పటి నుంచి ఆమె చేతిలోంచి వదలనిది ఆ మైకే; దాని అడుగున బ్యాటరీ మూత తిప్పాడు. రెండో సెల్ ఉండాల్సిన చోట వెండి కాగితం చుట్టిన గోరంత ముక్క ఉంది. నలభై నిమిషాల ప్రార్థన, తొందరేం లేదు అనుకున్నాడు. పెట్టె తెరిచి నకిలీది తీశాడు. అసలుది లోపల పెట్టాడు. నకిలీదానికి వెండి కాగితం చుడుతున్నాడు.

"...పోయేకాడ, వచ్చేకాడ తోడుండు తండ్రీ," అన్నాడు అబ్బయ్య. ఆగి ముక్కుతో గాలి పీల్చాడు. వంటింట్లో పలావు వాసన ఘుమఘుమలాడుతోంది. "అన్నీ నీకు తెలుసు దేవా. పలావ్ సల్లారుతాంది. యేసు నామమున..."

ముప్పై ఏళ్ల సేవలో అబ్బయ్య మొదటిసారి రెండు నిమిషాల్లో ముగిస్తున్నాడు. స్టాన్లీ తొందరపడ్డాడు. కాగితం చిరిగింది. చుట్టాడు. లోపల దూర్చాడు. మూత మర పట్టలేదు. మళ్లీ తిప్పాడు. పట్టింది. ఒక చుట్టు. రెండు.

"...అడుగుతున్నం తండ్రీ. ఆమెన్."

కళ్లు తెరుచుకునేసరికి మైకు స్టూలు మీద నిలబడి ఉంది. స్టాన్లీ మోకాళ్ల మీద ఉన్నాడు, చేతులు జోడించి. దీనా మైకు లాక్కున్నంత పని చేసింది, మూత తడిమి చూసుకుంది, ఊపిరి పీల్చుకుంది. బయటికి నడుస్తూ తేలు కుట్టిన దొంగలా పెదవి బిగించుకుంది. రిబ్కా ఆమె చేతిలో డబ్బా నిండా పలావు పెట్టే పంపింది.

అప్పుడు గానీ స్టాన్లీ ఫోన్ ఆన్ కాలేదు.

"దీనా మన మనిషి కాదు సర్."

"ఆధారం?" అన్నాడు జయానందం.

"ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి."

ఆయన ఇక ఆధారం అడగలేదు. "చిప్?" అన్నాడు.

"ఆమె దగ్గర ఉన్నది ఆమె తెచ్చిందే. నాగేశ్‌ను దూరంగా వెంట పొమ్మనండి. ఎవరికి ఇస్తుందో చూడొచ్చు."

సాయంత్రం నాలుగింటికి ఇల్లు ఖాళీ అయింది. స్టాన్లీ వెనక గదిలోకి వెళ్లాడు. షెకినా సూట్‌కేసంత పాత మిషన్ ముందు కూర్చుని ఉంది. స్క్రీన్ మీద గీతలు. పొద్దుటి సంబరం ఆమె మొహంలో లేదు.

"అన్నా, ఇది చూడు. మొదటి ప్రార్థన. అందరు కూసున్నరు. తీగ సల్లగ ఉంది. గీడ సూడు, ఒక్క మనిషి, సన్నటి బరువు, స్టూలు కాడికి పోయి మల్లొచ్చింది." వేలు జరిపింది. "ఇది రెండో ప్రార్థన. మల్ల అందరు కదలకుంట ఉన్నరు. ఒక్క మనిషి లేసిండు. డెబ్బై రెండు కిలోలు. ఒట్టి కాళ్లు. నాలుగు అడుగులు. ఎడమ మడిమె మీద జర ఎక్కువ భారం."

చిన్నప్పుడు టెలిఫోన్ స్తంభం ఎక్కి పడి స్టాన్లీ కుడికాలు విరిగింది. ఆ రోజు ఏడుస్తూ పక్కన కూర్చుంది ఈ చెల్లెలే.

"నీళ్ల ఫిల్టర్లు అమ్మేటోడు గింత మెత్తగ నడవడు అన్నా." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చిప్‌ల లైటు ఏసి సూసిన. అసలుదే ఉంది. మరి నడుమల ఏమైందో అడగాల్నా, వద్దా?"

స్టాన్లీ నోరు తెరిచాడు. పదిహేనేళ్లుగా సిద్ధంగా ఉంచుకున్న అబద్ధాలు వందున్నాయి. ఒక్కటీ రాలేదు. తండ్రి మట్టికి ఎందుకు రాలేదో చెబుదామనుకున్నాడు. అదీ రాలేదు. వచ్చినా చెప్పే హక్కు అతనికి లేదు.

"వద్దు చెల్లీ," అన్నాడు.

"ఈ రికార్డ్ తుడిస్తే నా నౌకరి పోతది. తుడవకుంటే నీది పోతది గదా?"

అతను తలూపాడు. షెకినా కళ్లు తుడుచుకుని కీబోర్డు దగ్గరికి జరిగింది. ఫైలు పక్కన ఒక మాట టైపు చేసింది. "ట్రయల్ రన్. ఇంట్లో మేక తిరిగింది." తర్వాత అన్న చేయి పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు. ఇద్దరి చేతులూ మెరుస్తూ ఉంటాయని స్టాన్లీకి తెలుసు. అద్దాలు పెట్టుకుని చూడలేదు.

ఆరింటికి జయానందం ఫోన్ చేశాడు. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో మైకు చేతులు మారిందట. మూడేళ్లుగా వెతుకుతున్న నాయకుడు పలావు తింటూ దొరికాడట. దీనా లిప్‌స్టిక్‌లో సూది ఉందట, యాదగిరి మెడ మీది చుక్కకు సరిగ్గా సరిపోయింది.

"రిపోర్టుకు ఒక్క వివరం కావాలి," అన్నాడు జయానందం. "నువ్వు చిప్ మార్చడం ఎవరైనా చూశారా?"

స్టాన్లీ వెనక గది వైపు చూశాడు. తలుపు సందులోంచి పాత మిషన్ పచ్చ దీపం కనబడుతోంది. వంటింట్లో తల్లి అంట్లు తోముతూ, కొడుకు వచ్చాడన్న సంతోషంతో ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"లేదు సర్," అన్నాడు. "అందరూ ప్రార్థనలో ఉన్నారు."